చెవులతో కాపలా

1942, రెండో ప్రపంచ యుద్ధకాలం, ఉత్తర అట్లాంటిక్. గోధుమలు, పెట్రోలు, మందుగుండు నింపుకున్న సరుకు ఓడలు బారులు తీరి బ్రిటన్ వైపు సాగుతుంటే, వాటికి కాపలాగా వచ్చే చిన్న యుద్ధనౌక కార్వెట్‌లో ఒకడు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చునేవాడు. నీటి అడుగున దాగిన శత్రు జలాంతర్గామిని ధ్వనితో పసిగట్టే యాస్డిక్ పరికరానికి ఆపరేటర్. ఆ యుద్ధంలో నేను అందరికంటే ఎక్కువగా గౌరవించే పనివాడు అతనే.

అతని పని వినడం. ఓడ అడుగు నుంచి ‘పింగ్’మని శబ్దం పంపాలి, ప్రతిధ్వని కోసం ఆగాలి, దిశ కాస్త మార్చి మళ్లీ పంపాలి. నీటిలో శబ్దం సెకనుకు దాదాపు 1,500 మీటర్లు పోతుంది. రెండు సెకన్లకు జవాబొస్తే ఆ వస్తువు కిలోమీటరున్నర దూరంలో ఉన్నట్టు. కానీ ఏమిటా వస్తువు? చేపల గుంపూ బదులు పలుకుతుంది, ఓడ వెనుక నురగలెత్తిన నీరూ పలుకుతుంది. అసలు గుట్టు శ్రుతిలో ఉంది. తిరిగొచ్చిన స్వరం రవ్వంత హెచ్చితే జలాంతర్గామి మీదికొస్తోంది, తగ్గితే దూరమవుతోంది. తంబూరా శ్రుతి చేసేవాడికుండే చెవి కావాలి దానికి, అదీ అలలకు ఎగిరెగిరి పడే ఓడలో!

గండమంతా చివర్లోనే. మరీ దగ్గరికెళ్లాక ధ్వని జలాంతర్గామి పైనుంచి పోయి, ప్రతిధ్వని మాయమయ్యేది. ఓడ వెనుక నుంచి నీటిలోతున పేలే డెప్త్ చార్జ్ బాంబులు వదిలేసరికి అంచనాయే దిక్కు. 24 బాంబులను ముందుకే విసిరే హెడ్జ్‌హాగ్ వచ్చాక ఆ చిక్కు చాలావరకు తీరింది. రాత్రివేళ నీటిపై తేలి వచ్చే జలాంతర్గామిని పట్టడం మాత్రం రాడార్ వంతు.

ఏమీ వినిపించని గంటలే ఎక్కువ. డ్యూటీ అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి మరొకరి చేతిలో పెట్టేవాడు. పింగ్ ఆగేది కాదు.