‘కన్యాశుల్కం’లో రూపాయి విలువ: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

గురజాడ అప్పారావు ‘కన్యాశుల్కం’ నాటకంలో అగ్నిహోత్రావధాన్లు తన చిన్న కూతురు సుబ్బిని వృద్ధుడైన లుబ్ధావధాన్లుకు 1800 రూపాయలకు ఇవ్వడానికి నిశ్చయిస్తాడు. ఆ మొత్తం నేటి లెక్కలో ఎంత అన్న ప్రశ్న ఈ నాటకాన్ని చదివే ప్రతి తరానికీ ఎదురవుతుంది. నాటి రూపాయిని ఏదో ఒక అంకెతో గుణించి జవాబు చెప్పడం సులభం. అయితే ఆ జవాబు నాణెం చరిత్రకు గాని, నాటకానికి గాని న్యాయం చేయదు. ఈ నాటకం 1892లో ప్రదర్శితమై, 1897లో తొలిసారి అచ్చయి, ఎన్నో మార్పులతో 1909లో రెండవ కూర్పుగా వెలువడింది. ఇక్కడి పరిశీలనకు ఆధారం ఆ రెండవ కూర్పు.

2. వెండిగా రూపాయి

1835 నాటి చట్టం రూపాయి బరువును 180 గ్రెయిన్లుగా, అంటే ఒక తులంగా నిర్ణయించింది. అందులో పన్నెండింట పదకొండు పాళ్లు మేలిమి వెండి. మద్రాసు రాజధానిలో వీశెకు 120 తులాలు. కాబట్టి నాణేలుగా లెక్కపెడితే సుబ్బి వెల 15 వీశెల తూకం. నేటి కొలతలో సుమారు 21 కిలోలు.

ఈ తూకాన్ని నేటి వెండి ధరతో గుణిస్తే చాలదా అనిపించవచ్చు. చాలదు. 1870ల తరువాత ప్రపంచ విపణిలో వెండి విలువ పడిపోయింది. దశాబ్దారంభంలో దాదాపు 2 షిల్లింగులు పలికిన రూపాయి 1892 ప్రాంతానికి 1 షిల్లింగు 3 పెన్సులకు దిగజారింది. 1893 వరకు ఎవరైనా వెండిని టంకసాలకు తీసుకుపోయి, రుసుము చెల్లించి రూపాయలుగా మార్చుకోవచ్చు. ఆ ఏడాది జూన్‌లో ప్రభుత్వం ఆ సౌకర్యాన్ని నిలిపివేసింది. అంతవరకు తనలోని వెండిని బట్టి చెల్లిన నాణెం, అటుపైన ప్రభుత్వ నిర్ణయాన్ని బట్టి చెల్లసాగింది. 1899లో ఒక సవరనుకు 15 రూపాయలన్న మారకం చట్టబద్ధమయింది. ఆ లెక్కన 1800 రూపాయలు 120 సవరన్లు.

నాటకం తొలి ప్రదర్శనకూ రెండవ కూర్పుకూ నడుమ రూపాయి స్వభావమే మారిందన్నమాట. 15 వీశెల వెండిని, 120 సవరన్ల బంగారాన్ని నేటి ధరల్లోకి మారిస్తే వచ్చే రెండు మొత్తాలకు పొంతన కుదరదు. వాటిలో ఏది నిజమైన విలువ అన్నది లోహం తేల్చే విషయం కాదు.

3. నాటకంలోని కొలతలు

కనుక కొలతను నాటకంలోనే వెదకాలి. సంతలో సరుకులు కొనిపెడతానని గిరీశం పూటకూళ్లమ్మ దగ్గర కాజేసిన సొమ్ము 20 రూపాయలు. ఆ కొద్ది మొత్తమే అతడు విజయనగరం విడిచిపోవడానికి గల కారణాలలో ఒకటి. సుబ్బి వెల దానికి 90 రెట్లు.

రెండవ కొలత 1200. మేనకోడలు సుబ్బిని కాపాడడానికి కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి లుబ్ధావధాన్లుకు అమ్ముతాడు. ఆ వెల 1200. ఆదా అయ్యే 600 రూపాయలే లోభిని వలలోకి లాగుతాయి. వధువు ఎవరన్నది అతడికి పట్టదు, వెల తగ్గడమే పడుతుంది. ఇచ్చిన రూపాయలు మంచివే, పుచ్చుకున్న పెళ్లికూతురే చెల్లని నాణెం. కథ మలుపు తిరిగేది 1800, 1200ల మధ్య తేడా మీదనే గాని, ఏ ఒక్క మొత్తం మీదా కాదు.

మూడవ కొలత తొలి కూర్పు ఇంగ్లీషు పీఠికలో ఉంది. విజయనగరం మహారాజు విశాఖపట్టణం జిల్లాలో మూడేళ్ల కాలానికి సేకరింపించిన జాబితాలో 1034 శుల్క వివాహాలు నమోదైనట్లు గురజాడ పేర్కొన్నాడు. అందులో ఏడాది వయసు పిల్లలు ముగ్గురు. వారి వెల 350 నుంచి 400 రూపాయలు. అది పసిపిల్లల వెల కనుక, దానితో పోల్చి 1800ను అతిశయోక్తి అనడానికి వీలులేదు. అయితే పసితనానికి సైతం వెల ఉండేదన్న సంగతిని ఆ అంకె స్థిరపరుస్తుంది.

4. ముగింపు

నాటి కూలి రేట్లు, ధాన్యం ధరలతో పోల్చి చూడడం ఉపయోగకరమే. అయితే అది ఆ సొమ్ముతో ఏమి కొనవచ్చునో చెబుతుంది గాని, ఆ సొమ్ముకు ఎవరిని అమ్మారో చెప్పదు. వృద్ధునికిచ్చి చేసిన పెద్ద కూతురు బుచ్చమ్మ విధవయై ఇంట్లో ఉండగానే అగ్నిహోత్రావధాన్లు రెండవ బేరానికి సిద్ధపడ్డాడు. 1800ను ఈ కుటుంబస్థితి పక్కన పెట్టి చదవాలి. లక్షలుగా మార్చి చూసి ఆశ్చర్యపోయే పాఠకుడికి మొత్తం పెద్దదా చిన్నదా అన్నదే ప్రధానమవుతుంది. అంటే, అతడు కూడా తెలియకుండానే లుబ్ధావధాన్లు వేసిన లెక్కనే వేస్తున్నాడు. వెల ఎంతైనా బేరం బేరమేనన్నది నాటకం తీర్పు. అందులోని ప్రతి అంకెనూ ఆ తీర్పుకు లోబరచి అన్వయించడమే సముచితం.