అకాలయాత్రయు ఛాయాచిత్రమును: ట్రైపు బర్మా, మధుర చిత్రముల పరిశీలనము

వత్రాపు వారికి ఋతుభేదమును గూర్చి యెవరును చెప్పనక్కఱలేదు. పడమటి కనుమల పాదమున నున్న యీ యూరికి ఐప్పసి, కార్తిక మాసములలో ఈశాన్యపు వానలు దిగినపుడు చతురగిరి త్రోవలోని వాగులు పొంగును. అటవీశాఖవారు యాత్రికులను క్రిందనే నిలిపివేయుదురు. ఆడి అమావాస్యనాడు కాలు పెట్టుటకు చోటుండని తాణిప్పారై దారి అప్పుడు నిర్మానుష్యముగా నుండును. ఈ రెండు కాలములలో తీసిన రెండు ఫొటోలను ప్రక్కప్రక్కన నుంచినచో, ఎఱుగనివాడు రెండును ఒకే కొండవని నమ్మడు. రెండింటిలో ఏది నిజమైన చతురగిరి యను ప్రశ్నకు సమాధానము సులభము కాదు.

ఈ ప్రశ్న విదేశయాత్రలకు మఱింతగా వర్తించును. రద్దీ తక్కువ, విమానపు టిక్కెట్టు చవుక యను కారణములచే సింగపూరు, మలేషియా వంటి దేశములకు సీజను కాని కాలమున పోవువారు నేడు మన కుటుంబములలో పెక్కురు. వారు తెచ్చు ఫొటోలలో వీథులు శూన్యముగా నుండును. ఆకాశము బూడిదవన్నెగా నుండును. చూచినవారు ‘ఎంత ప్రశాంతమైన దేశము!’ అందురు. ఈ మాట యెంతవఱకు చెల్లునో విచారించుటకు తెలుగువారితో సంబంధము గల యొక పాత నిదర్శనము కలదు. అది లిన్నియస్ ట్రైపు అను ఆంగ్లేయుని చిత్రసంపుటి. ఆయన వానకాలమున పరదేశమైన బర్మాలో పనిచేసెను. తరువాత తెలుగు నాయకరాజుల మధురకు వచ్చెను.

ట్రైపు 1822లో ఇంగ్లండునందలి డెవన్‌పోర్టున జన్మించి, ఈస్టిండియా కంపెనీ మదరాసు సైన్యమున చేరిన అధికారి. 1854 డిసెంబరులో హళేబీడు, బేలూరు ఆలయములను చిత్రించి పేరు గడించెను. 1855లో గవర్నరు జనరలు పక్షమున ఆర్థర్ ఫేయరు బర్మారాజగు మిండన్ సభకు రాయబారిగా పోవునపుడు ట్రైపును ఛాయాచిత్రకారునిగా వెంట పంపిరి. ఆ దూతవర్గము ఐరావతీ నదిపై ఆగస్టులో బయలుదేరి, సెప్టెంబరు మొదట అమరపురము చేరి, అక్టోబరు మూడవవారము దాటినపిదప మఱలెను. బర్మాలో మే మొదలు అక్టోబరు వఱకు వానలకాలమే. నేటి యాత్రికుడు కోరి తప్పించుకొను కాలమునే ట్రైపు కెమెరా మోసికొని తిరుగవలసివచ్చెను. వాతావరణము ప్రతికూలమనియు, తన ఆరోగ్యము సరిగా లేకుండెననియు ఆయనయే తరువాత చెప్పుకొనెను. అయినను రెండువందలకు పైగా నెగటివులు తెచ్చెను. వానిలో 120 చిత్రములను ఏర్చి, ఏబది ప్రతులుగా 1857లో వెలువరించెను. అనగా ఆఱువేల ప్రింట్లు. ఒక్కొక్కటియు ఎండకు పెట్టి చేతితో తీసినదే.

ఆయన వాడినది మైనము పట్టించిన కాగితపు నెగటివు. దీనిని ముందుగానే సిద్ధపఱచుకొని కొన్ని దినములు నిలువయుంచవచ్చును గనుక ప్రయాణమునకు అనుకూలము. అయితే ఇందు రెండు లోపములు కలవు. ఆ కాలపు రసాయనములు నీలివెలుగును మిక్కిలి గ్రహించును; అందుచే భవనము చక్కగా పడులోపల ఆకాశము వెలుగెక్కువై ప్రింటులో ఉత్త తెల్లకాగితముగా మిగులును. రెండవది, చిత్రము పడుటకు చాలసేపు పట్టును. కదలు మనుష్యుడు అందు నిలువడు.

మొదటి లోపమునకు ట్రైపు కనుగొన్న ఉపాయము విమర్శకులను నేటికిని ఆలోచింపజేయుచున్నది. ఆయన నెగటివుపై కుంచెతో రంగునద్ది మబ్బులను కల్పించెను. కొన్నిచోట్ల చెట్ల ఆకులనుగూడ దిద్దెను. ఛాయాచిత్రము యథార్థమునకు సాక్షి యని నమ్మువారికి ఇది కూటసాక్ష్యముగా తోచును. ఈ ఆక్షేపణ మధుర చిత్రముల విషయమున కొంత చెల్లవచ్చును గాని, బర్మా చిత్రముల విషయమున చెల్లదు. అమరపురముపై ఆ రెండుమాసములును మబ్బులుండెను. వానిని పట్టలేకపోయినది కాగితము. తెల్లని శూన్యాకాశమును అట్లే వదలియుండినచో వానకాలమున తీసిన చిత్రము నడివేసవి చిత్రమువలె కనుపట్టియుండెడిది. కుంచెతో పెట్టిన మబ్బు ఆనాటి మబ్బు ఆకారము కాకపోవచ్చును; ఆ ఋతువునకు మాత్రము నిజము. యంత్రము విడిచినదానిని చేయి పూరించెను. నేడు సెల్‌ఫోనులో ఒక మీట నొక్కి బూడిద ఆకాశమును నీలముగా మార్చువారు చేయుచున్న పని దీనికి సరిగా వ్యతిరేకము. వారు ఋతువును తుడిచివేయుచున్నారు.

రెండవ లోపమునకు ఉపాయము లేకపోయెను. బర్మా చిత్రములలో ఎక్కువభాగము నిర్జనములు. మఠములు, దారుశిల్పములు, కొయ్యవంతెన చెంతనున్న బుద్ధుని మహావిగ్రహము మొదలైనవన్నియు ఎవరో వదలిపోయిన పట్టణమందువలె నిలిచియుండును. కాని అది ఒక రాజధాని. అదే దూతవర్గమున కోల్స్‌వర్దీ గ్రాంటు అను చిత్రకారుడును ఉండెను. ఆయన నీటిరంగుల చిత్రములలో మనుష్యులున్నారు, వేషములున్నవి, కొలువున్నది. ఒకే ప్రయాణము, ఒకే వాన. ఒకనికి ఊరు నిండుగాను, మఱియొకనికి శూన్యముగాను పడెను. కావున ట్రైపు చిత్రములలోని శాంతము అమరపురపు గుణము కాదు, కాగితపు గుణము. ఈ భేదమును గమనింపక వానిని ‘కాలాతీత సౌందర్యము’ అని పొగడుట ఒక అలవాటైనది. అవి కాలాతీతములు కావు. 1857లో మిండన్ మాండలే నగరమునకు పునాది వేయించి, కొలదికాలములోనే రాజధానిని అచటికి మార్చెను. అమరపురపు కొయ్యభవనములు పెక్కు ఊడదీయబడి క్రొత్తనగరమునకు తరలినవి. అమరుల పట్టణమను పేరు దానికి అంతగా కలిసిరాలేదు! మంచి ఋతువు వచ్చువఱకు ఆగుదమని రెండు మూడేండ్లు జాగుచేసియుండినచో ట్రైపునకు తీయుటకు ఆ పట్టణమే మిగిలియుండదు. కోరంగి మొదలైన రేవులనుండి వేలకొలది తెలుగు కూలీలు రంగూనునకు చేరి, ‘కోరంగీలు’ అనిపించుకొనినది ఈ చిత్రములకు తరువాతి కథ.

1858 తొలిమాసములలో ట్రైపు మదరాసు ప్రభుత్వ ఛాయాచిత్రకారునిగా మధురకు వచ్చెను. ఇచట వెలుగు నిలుకడగా నుండెను. పనియు బర్మాలో కంటె తేటగా వచ్చెను. తిరుమల నాయకుని మహలు, పుదుమండపము ఆ చిత్రములలో ముఖ్యములు. తిరుమల నాయకుడు 1623 మొదలు 1659 వఱకు మధురనేలిన తెలుగు రాజు. వత్రాపు, శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళెము ప్రాంతముల తెలుగువారికి ఆయన పేరు ఇంటిమాట. అందుచే ఈ చిత్రములను మనవారు గర్వముతో చూతురు. చూడదగినవే. కాని ఇచటనే ఎక్కువ జాగరూకత అవసరము.

పుదుమండపపు దక్షిణపు నడవ చిత్రమును తీసికొనుడు. రెండు వరుసల స్తంభములు, వానినడుమ పొడవైన నేల, లోపలికి పోనుపోను పలుచనగు వెలుగు. కూర్పులో దీనికి వంక పెట్టుటకు లేదు. కాని ఆ మండపము తిరుమల నాయకుడు వసంతోత్సవముకొఱకు కట్టించినది. ఉత్సవము వైకాసి మాసమున జరుగును; దానికి ముందు చిత్తిరై తిరునాళ్లు. ట్రైపు ఏప్రిలు తీఱకముందే మదరాసు చేరియుండెను. అనగా ఆయన చూచినది పెండ్లి లేనినాటి పెండ్లిపందిరి. స్తంభములయందు ప్రతిమలుగా నిలిచిన నాయకరాజులు ఎవరి రాకకై అచట చేతులు జోడించియున్నారో ఆ దేవుడు ఆ దినములలో ఆ మండపమునకు వేంచేయలేదు. చిత్రమున రాయి సర్వము దొరకినది. ఆ రాతికి గల ప్రయోజనము దొరకలేదు. బర్మాలో వాన అడ్డుపడిన సంగతి ట్రైపు చెప్పుకొనెను. మధురలో ఉత్సవము తప్పిన సంగతి ఆయనకు లోపముగా తోచియుండదు. తెలుగు పాఠకుడు దానిని తన యెఱుకతో పూరించుకొనవలసియున్నది.

జనము లేకుండుటయే మేలైన సందర్భమును ఒకటి చెప్పవలెను. అదే యాత్రలో తంజావూరు బృహదీశ్వరాలయపు అధిష్ఠానముపై గల శాసనమును ట్రైపు వరుసగా చిత్రించి, 21 ప్రింట్లను అతికి సుమారు పందొమ్మిది అడుగుల పట్టీగా చేసెను. అక్షరములకు ఉత్సవముతో పనిలేదు; వానికి ఏటవాలు వెలుగు చాలును. అచట ఖాళీ ప్రాకారము వరమైనది.

ఈ పని నిలువలేదు. 1859లో గవర్నరుగా వచ్చిన ట్రెవెల్యను దీనిని విలాసవ్యయముగా నెంచి ఆపించెను. ట్రైపు 1902 వఱకు జీవించియు ఛాయాచిత్రణమున మరల అంతటి పని చేయలేదు.

మహలు చిత్రములకు మాత్రము మఱియొక విలువ కలదు. వానిలో కనబడునది శిథిలము: పెచ్చులూడిన సున్నపుపని, బీటలు వాఱిన తోరణములు. 1866 నుండి 1872 వఱకు గవర్నరుగా నుండిన నేపియరు ప్రభువు కాలమున ఆ భవనమునకు మరమ్మతు సాగెను. తిరుమల నాయకుడు కట్టించినదానిలో నేడు నిలిచినది నాల్గవవంతు మాత్రమేయని చెప్పుదురు. నిలిచినదానిలోను ఏ పూత నాయకునిదో, ఏది మరమ్మతుదో స్వర్గవిలాసపు స్తంభముల నడుమ నిలిచి చూచువానికి కన్ను చెప్పదు. ఆ విషయమున 1858 నాటి ఆ పెచ్చులూడిన చిత్రమును చేత పట్టుకొని, తోరణము వెంట తోరణముగా పోల్చి చూడవలసినదే.