తెలుఁగు వచనమున నౌకాయానము

దండి కావ్యాదర్శమున మహాకావ్యమునకుఁ జెప్పిన వర్ణనాంశములలో సముద్రము కలదు, సలిలక్రీడ కలదు, ప్రయాణము కలదు. నదిపైఁ బడవలో సాగిపోవుట మాత్రము లేదు. ప్రయాణమనఁగా విజిగీషువు దండయాత్ర. సలిలక్రీడ యనఁగా బయలుదేఱిన చోటికే మరలివచ్చు విహారము. గచ్చిబౌలికిఁ జేరువనున్న దుర్గము చెరువులో నగరవాసులు చేయు పడవవిహార మీ రెండవదానిలోనే చేరును. ఒక యూరినుండి వేఱొక యూరికి నదియే బాటగా దినమెల్ల మెల్లఁగాఁ బోవుట యీ రెంటికంటెను భిన్నము. తెలుఁగు సాహిత్యమున దానికి లభించిన స్థానమెట్టిదో విచారింపఁదగి యున్నది.

ఈ విషయమున వ్యాకరణమే మొదటి సాక్షి. పాణిని నౌశబ్దముపై విధించిన తద్ధితములఁ జూడుఁడు. నాలవ యధ్యాయము నాలవ పాదమున 7వ సూత్రముచే సిద్ధించిన ‘నావికుఁడు’ నావచేఁ దరించువాఁడు. 91వ సూత్రముచే సిద్ధించిన ‘నావ్యము’ నావచేఁ దరింపఁదగిన జలము. రెండును దాఁటుటనే చెప్పును గాని ప్రవాహము వెంటఁ బోవుటను జెప్పవు. ఇతిహాసములందును నంతియే. గుహుఁడు శ్రీరాముని గంగ దాఁటించెను. సత్యవతి పరాశరుని యమున దాఁటించెను. భవసాగరమును దాఁటించు నామమను నావ యీ సంస్కారమునుండియే పుట్టినది. దశకుమారచరితాదులలోని యోడప్రయాణములు సముద్రమునకుఁ జెందినవి గనుక వాని మాట వేఱు.

దాఁటువానికి నది యడ్డు. పోవువానికి నది బాట. అడ్డును దీరమున నిలిచి వర్ణింపవచ్చును. బాటను వర్ణించుటకుఁ గాలక్రమము వలయును. పద్యమున నదీవర్ణనములు సమృద్ధముగా నున్నను నౌకాయానవర్ణన మరుదగుటకు హేతువిదియే.

ఆ కాలక్రమమును దెలుఁగునకు సమకూర్చినవారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టు ద్విభాషి ఏనుగుల వీరాస్వామయ్యగారు. వారు 1830 మే 18వ తేదిని బయలుదేఱి, హైదరాబాదు మీఁదుగాఁ గాశికేఁగి, 1831 సెప్టెంబరు 3వ తేదిని మరలివచ్చిరి. వారి కాశీయాత్రచరిత్రను గోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్లగారు 1838లో నచ్చొత్తించిరి. దిగవల్లి వేంకటశివరావుగారు 1941లో మరలఁ బ్రకటించిరి. మజిలీ, దూరము, దొరకు వస్తువులు, జనుల యాచారము, వీనిని నాఁటి కానాఁడు వ్రాసికొనుట యా గ్రంథపద్ధతి. గంగలోఁ బడవలపై సాగిన భాగమునను నా పద్ధతి తప్పలేదు. అందుచేఁ బుణ్యనదియైన గంగ రాకపోకల రాజమార్గముగాఁ గానవచ్చును.

వ్యావహారికమును, హిందూస్థానీ యింగ్లీషు పదములును గలవని యీ గ్రంథమును బాఠ్యముగాఁ గొనుటకుఁ బండితులు జంకుట కలదు. బాలవ్యాకరణము వెలసినది 1858లో. ఇరువదియేండ్లు ముందచ్చైన గ్రంథమును దానితోఁ దూఁచుట యుక్తము గాదు. పూర్వవ్యాకరణములు లేవా యన్నచో, నవి కావ్యభాషకు లక్షణములు గాని దినచర్యకుఁ గావు. దోషమెన్నవలసినచో వేఱొకటి కలదు. వీరాస్వామయ్యగారి దృష్టి యెక్కువగా జనసమూహముపైఁ బ్రసరించును. ఒక్క మనుష్యునిపై నిలుచుట తక్కువ.

ఆ కొఱఁతను దీర్చినది పాలగుమ్మి పద్మరాజుగారి ‘పడవ ప్రయాణం’ అను కథ. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోఁ బూర్తి కాఁగా గోదావరీజలము కాలువలఁ బాఱి పంటకును బడవకును బనికివచ్చెను. అట్టి కాలువపై రాత్రివేళఁ బోవు పడవలో రంగి యను స్త్రీ పద్దాలుతోడి తన బ్రతుకును జెప్పుకొనును. పడవ మెల్లఁగాఁ బోవుటచేతనే యామె చెప్పుటకును దోడిప్రయాణికుఁడు వినుటకును దీరిక చిక్కినది. ఆ తీరికలోనే దొంగతనమును జరిగినది. ఇందు మందగమన మలంకారము గాదు, కథకుఁ గారణము. రైలుబండి నెక్కించినచో నీ కథ నిలువదు.

బాటలు పెరిగి బండ్లు వచ్చినపిమ్మటఁ గాలువలలోఁ బ్రయాణికుల పడవలు మఱుఁగుపడినవి. ఆ యానమునకు సాక్ష్యముగా నిలిచినవి యిట్టి వచనరచనలే. కాఁబట్టి పాఠ్యగ్రంథములఁ గూర్చువారు నదీవర్ణనపద్యము నిచ్చినచోట దాని సరస వీరాస్వామయ్యగారి గంగాయానమునుండి యొక పుటను జేర్చుట మేలు. భాషాభేదమును గురువు చెప్పి సరిదిద్దవచ్చును. నది వెంటఁ బోయినవాని యనుభవమును సూత్రముచే సాధింప నలవి గాదు.