చోటు మారిన పండుగలు

బైబిల్లోని లేవీయకాండం 23వ అధ్యాయం ఒక పండుగల పట్టిక. వారం వారం వచ్చే విశ్రాంతి దినంతో మొదలై పస్కా, పులియని రొట్టెల పండుగ, తొలి పన అర్పణ, ఏభైయవ నాటి వారాల పండుగ, బూరలు ఊదే రోజు, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ వరుసగా వస్తాయి. ఏ నెలలో ఏ రోజు చేయాలి, ఏం అర్పించాలి, ఏ పనులు మానుకోవాలి అన్నీ అందులో ఉన్నాయి. ఎక్కడ చేయాలన్నది ద్వితీయోపదేశకాండం 16వ అధ్యాయంలో తేలుతుంది. ఏటా మూడుసార్లు, అంటే పులియని రొట్టెల పండుగకు, వారాల పండుగకు, పర్ణశాలల పండుగకు, మగవాళ్లంతా దేవుడు ఎంచుకునే ఒక్క చోటికి రావాలి; వట్టి చేతులతో రాకూడదు. అయితే ఆ చోటు పేరేమిటో ఆ అధ్యాయమూ చెప్పదు. ఈ పండుగలు చేసుకునేవాళ్ల మధ్య ఆ తర్వాత వచ్చిన తగాదాలు, సర్దుబాట్లు చాలా మటుకు ఈ చెప్పని పేరు చుట్టూ తిరిగినవే.

ఎందుకు కూడాలన్న దానికి మాత్రం ధర్మశాస్త్రం స్పష్టంగానే కారణాలు ఇస్తుంది. మొదటిది పంట. పస్కా నాటికి యవలు కోతకు వస్తాయి, వారాల పండుగకు గోధుమ, పర్ణశాలల పండుగకు ద్రాక్ష, పండ్లు ఇల్లు చేరతాయి. రెండోది జ్ఞాపకం. పస్కా ఐగుప్తు దాస్యం నుంచి బయటపడ్డ రాత్రిని గుర్తుచేస్తే, పర్ణశాలలు ఎడారిలో గుడిసెల్లో గడిపిన ఏళ్లను గుర్తుచేస్తాయి. మూడోది జనం అంతగా పట్టించుకోనిది: కలిసి తినడం. పంటలో పదోవంతు పక్కన పెట్టి పండుగ చోటికి తెచ్చుకుని ఇంటిల్లిపాదీ తినాలి. దారి దూరమైతే ధాన్యాన్ని డబ్బుగా మార్చి, అక్కడ మనసు కోరిన మాంసమో ద్రాక్షారసమో కొనుక్కోవచ్చు. కొడుకులు, కూతుళ్లు, దాసదాసీలు, భూమి లేని లేవీయుడు, పరదేశి, తల్లిదండ్రులు లేని పిల్లలు, విధవరాళ్లు, అందరూ ఆ పంక్తిలో ఉండాలి. తీర్థయాత్ర అనగానే ఉపవాసం, నియమం గుర్తొచ్చేవారికి ఇది వింతగా తోచవచ్చు. ఇక్కడ కడుపునిండా తిని సంతోషించడమే నియమం. ఈ పట్టికలో కడుపు మాడ్చుకునే రోజు ప్రాయశ్చిత్త దినం ఒక్కటే.

యూదుల దృష్టిలో ఆ చెప్పని చోటు యెరూషలేము. సొలొమోను కట్టిన దేవాలయం ప్రతిష్ఠ కూడా ఏడో నెల పండుగనాడే జరిగిందని రాజుల గ్రంథం చెబుతుంది. కీర్తనల గ్రంథంలో 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేనింటిని యాత్ర కీర్తనలంటారు. కొండ మీది ఆ ఊరికి ఎక్కుతూ యాత్రికులు పాడుకున్నవని పలువురి అభిప్రాయం. ఆ ప్రయాణం ఎలా సాగేదో క్రీ.శ. 200 ప్రాంతంలో కూర్చిన మిష్నా అనే ధర్మ సంకలనం వర్ణిస్తుంది. తొలి ఫలాలు తెచ్చేవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ముందురోజే ఒక పట్నంలో కూడుకునేవారు. ఎవరిళ్లకూ వెళ్లకుండా రాత్రంతా ఊరి వీధిలోనే పడుకుని, తెల్లవారగానే పెద్దమనిషి పిలుపుతో కదిలేవారు. ముందు ఒక ఎద్దు నడిచేది. దాని కొమ్ములకు బంగారు పూత, తలపైన ఒలీవ కొమ్మల దండ. పిల్లనగ్రోవి ఊదేవాడు ఆలయ కొండ చేరేదాకా ఊదుతూనే ఉండేవాడు. యెరూషలేము చేతిపనివాళ్లు తమ పని ఆపి లేచి నిలబడి, ఊరి పేరుతో వాళ్లను పలకరించేవారు. ధనవంతుడు వెండి బంగారు గంపల్లో తెస్తే పేదవాడు చెక్కు తీసిన నిరవంజి కొమ్మల బుట్టలో తెచ్చేవాడు. ఆలయ కొండ చేరాక రాజైనా సరే బుట్ట భుజానికెత్తుకోవాల్సిందే. ఇందులో ఓ తిరకాసు ఉంది. ధనవంతుల గంపలు వాళ్లకే తిరిగి వెళ్లేవి. పేదల బుట్టలు మాత్రం పండ్లతో పాటు యాజకులకే చెందేవి. ఉదారంగా రాసుకున్న చట్టంలోనూ ఇలాంటి మెలికలు ఉంటాయి.

పస్కాకు ఇంకా ఎక్కువ ఏర్పాటు కావాల్సి వచ్చేది. ఒకే మధ్యాహ్నం వేల కుటుంబాల గొర్రెపిల్లలు వధించాలి కాబట్టి జనాన్ని మూడు జట్లుగా చేసి, ఒక జట్టు లోపలికి రాగానే ముంగిలి తలుపులు మూసేవారు. పర్ణశాలల పండుగలో సిలోయము కోనేటి నుంచి బంగారు పాత్రలో నీళ్లు తెచ్చి బలిపీఠం మీద పోసేవారు; వానాకాలం మొదలవబోయే వేళ అది వానల కోసం చేసే ప్రార్థన. పన్నెండేళ్ల యేసు తప్పిపోయి దొరికింది పస్కా యాత్రలోనే. అపొస్తలుల కార్యాలు రెండో అధ్యాయంలో పార్తీయులు, మాదీయులు, ఏలామీయులు అంటూ పొడవాటి జాబితా ఉండటానికి కారణమూ ఇదే: ఆ రోజు వారాల పండుగ, గ్రీకులో పెంతెకొస్తు, దూరదేశాల యూదులంతా అక్కడే ఉన్నారు.

అదే ధర్మశాస్త్రాన్ని నమ్మే సమరయులకు మాత్రం ఆ చోటు యెరూషలేము కాదు, నాబ్లస్ పట్నాన్ని ఆనుకుని ఉన్న గెరిజీము కొండ. వాళ్ల ధర్మశాస్త్ర ప్రతిలో పది ఆజ్ఞల్లోనే ఆ కొండపై బలిపీఠం కట్టమన్న మాట ఉంటుంది. అక్కడి వాళ్ల ఆలయాన్ని యూదుల పాలకుడు జాన్ హిర్కానస్ క్రీ.పూ. రెండో శతాబ్దం చివర్లో పడగొట్టాడు. ఆలయం పోయినా కొండ మిగిలింది కనుక పండుగ ఆగలేదు. ఇప్పుడు సమరయులు ఎనిమిది వందలకు కాస్త అటూ ఇటూ. కొందరు కొండ మీదే కిర్యాత్ లూజా అనే ఊళ్లో, మిగతావాళ్లు టెల్ అవీవ్ దగ్గరి హోలోన్‌లో ఉంటారు. పస్కాకు అందరూ కొండెక్కుతారు.

గొర్రెపిల్లను బలిచ్చి పస్కా చేసే పద్ధతిని తరతరాలుగా నిలుపుకుంటూ వస్తున్నది ఈ చిన్న సమాజమే. మగవాళ్లు తెల్లబట్టలు కడతారు. మనిషి లోతు గుంటల్లో మధ్యాహ్నం నుంచే కట్టెలు మండించి నిప్పులు సిద్ధం చేస్తారు. సూర్యుడు దిగుతుండగా ప్రధాన యాజకుడు నిర్గమకాండం పన్నెండో అధ్యాయం చదువుతాడు. వధ గురించిన మాట దగ్గరికి రాగానే కత్తులు ఒక్కసారిగా కదులుతాయి. తోలు తీసి, లోపలి భాగాలు శుభ్రం చేసి, ఉప్పు పట్టించి, ఒక్క ఎముక విరగకుండా గొర్రెను మొత్తంగా పొడవాటి కర్రకు గుచ్చుతారు. ఆ కర్రలను గుంటల్లోకి దించి పైన తడిమట్టి కప్పేస్తారు. పొగ బయటికి వచ్చే సందు లేకుండా పూడ్చడంలోనే పనితనమంతా ఉంది. గాలి దూరితే మాంసం మాడిపోతుంది. అర్ధరాత్రి వేళకు పైకి తీసి, పులియని రొట్టెతో, చేదు కూరలతో గబగబా తింటారు. ప్రయాణానికి నడుం బిగించినవాళ్లు ఎలా తింటారో అలా తినాలన్నది ఆజ్ఞ. మిగిలింది తెల్లారేలోగా నిప్పుల్లో వేసేస్తారు.

యూదులకు క్రీ.శ. 70లో అసలు చిక్కు వచ్చింది. రోమన్ సైన్యం దేవాలయాన్ని కాల్చేసింది. ఆలయం లేనిచోట గొర్రెపిల్లను వధించకూడదు కాబట్టి పస్కాకు గుండెకాయ లాంటి భాగమే పోయింది. రబ్బీలనే యూదు ధర్మపండితులు ఆ పండుగను ఇంటి భోజనాల బల్ల మీదికి తెచ్చి నిలబెట్టారు. పండుగ ముందురాత్రి దీపం పట్టుకుని ఇల్లంతా పులిసిన పదార్థం కోసం వెతుకుతారు. దొరికిన తునకలను ఈకతో చెక్క గరిటెలోకి ఊడ్చి పొద్దున్నే కాల్చేస్తారు. రొట్టెకు నియమం గట్టిది: పిండిలో నీళ్లు పడిన క్షణం నుంచి పద్దెనిమిది నిమిషాల్లో కాల్చడం పూర్తి కావాలి, లేదంటే పులిసినట్టే లెక్క. ఆ రాత్రి నాలుగు పాత్రల ద్రాక్షారసం, చేదు కూరలు, ఇటుకల బంకమట్టిని గుర్తుచేసే పండ్ల ముద్ద, బలికి బదులుగా పళ్లెంలో ఊరికే కనిపించే ఒక ఎముక. ఇంట్లో అందరికంటే చిన్నవాడు ఈ రాత్రి మిగతా రాత్రుల్లా ఎందుకు లేదని అడగాలి; పెద్దలు కథ చెప్పాలి. యాజకుడు చేయాల్సిన పని పసివాడి ప్రశ్నకు అప్పగించడం రబ్బీల తెలివి. ఆలయాన్ని కాల్చగలిగిన సైన్యానికి ఇది అందలేదు.

పర్ణశాల విషయంలో అంత మార్పు అక్కర్లేకపోయింది. బబులోను చెర నుంచి తిరిగి వచ్చిన కాలానికే, నెహెమ్యా ఎనిమిదో అధ్యాయం ప్రకారం, జనం ఒలీవ, గొంజి, ఈత కొమ్మలు తెచ్చి ఇళ్ల కప్పుల మీద, పెరళ్లలో, ఆలయ ముంగిళ్లలో, ఊరి గుమ్మాల దగ్గరి బయళ్లలో గుడిసెలు వేసుకున్నారు. ఎక్కడికైనా తీసుకుపోగలిగిన ఆలయం ఇదేనేమో అనిపిస్తుంది. దాని కొలతలను రబ్బీలు తూచి తూచి పెట్టారు. రెండు గోడలు పూర్తిగా, మూడోది బెత్తెడైనా ఉండాలి. ఎత్తు పది బెత్తెలకు తగ్గకూడదు, ఇరవై మూరలు దాటకూడదు. గోడలు దేనితోనైనా కట్టొచ్చు. అసలు పరీక్షంతా కప్పు దగ్గరే. నేలలోంచి మొలిచి, కోసిన ఆకో కొమ్మో అయి ఉండాలి. వేరుతో ఉన్న తీగ పాకించి కప్పుగా లెక్కచెప్పడం కుదరదు. చెట్టుకిందా, మేడ వసారా కిందా వేస్తే చెల్లదు, ఆకాశం నేరుగా కనబడాలి. ఎండకంటే నీడ ఎక్కువ పడాలి, అయినా రాత్రి చుక్కలు కనిపిస్తే మంచిది. వాన లోపలి కూటిని పాడుచేసేంతగా కురిస్తే ఇంట్లోకి పోవచ్చు. గట్టి ఇల్లు ఉన్నవాడు ఏడు రోజులు గట్టిదనం లేని చోట తినాలన్నదే ఇందులోని ఉద్దేశం కాబట్టి, కప్పు మరీ పటిష్ఠంగా ఉంటే పండుగ అర్థమే తప్పుతుంది. కొచ్చిన్ యూదులు ఇదే నియమంతో కొబ్బరాకులు కప్పారు. న్యూయార్క్ అపార్ట్‌మెంట్లలో మెట్లమెట్లుగా ముందుకు తగ్గిన బాల్కనీలకు గిరాకీ ఉండటానికీ ఇదే కారణం, పై బాల్కనీ అడ్డురాకూడదు. సమరయులు దీన్నీ వేరుగానే చేస్తారు. వేధింపుల కాలంలో బయట గుడిసెలు వేయడం కష్టమై ఇంటిలోపలికి మార్చుకున్నామంటారు. దానిమ్మలు, మాదీఫలాలు, ఆపిళ్లు గది కప్పు నుంచి గుత్తులుగా వేలాడదీస్తారు.

దూరంగా ఉన్నవాళ్లు ఏ రోజు కూడాలన్నదీ ఓ సమస్యే. నెలవంక కనబడిందని సాక్షులు చెబితేనే యెరూషలేములో నెల మొదలయ్యేది. ఆ వార్తను మొదట కొండ మీంచి కొండకు మంటలతో పంపేవారు. సమరయులు దొంగ మంటలు వేయడంతో దూతలను పంపాల్సి వచ్చిందని మిష్నా ఫిర్యాదు. దూత చేరని ఊళ్లలో అనుమానానికి రెండు రోజులు పండుగ చేశారు. తర్వాత లెక్కలతో క్యాలెండర్ స్థిరపడినా ఇజ్రాయెల్ బయట సంప్రదాయ యూదులు ఇప్పటికీ ఆ రెండో రోజును వదల్లేదు. ఆ క్యాలెండర్ తెలుగువారి పంచాంగానికి దగ్గరి చుట్టం. చాంద్రమాన నెలలు, 19 ఏళ్లలో ఏడు అధికమాసాలు. పస్కా, పర్ణశాలలు రెండూ పున్నమికే మొదలవుతాయి.

క్రైస్తవుల్లో ఎక్కువమంది ఈ పండుగలను క్రీస్తులో నెరవేరిన ఛాయలుగా చూస్తారు. కొలస్సయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయం వారికి ఆధారం. ఈస్టరును యూదుల లెక్కతో విడదీయాలని 325లో నైసియా సభ నిర్ణయించింది. అయినా పండుగలు ఇంకా బాకీయే అనుకునే సంఘాలు లేకపోలేదు. అమెరికాలో హెర్బర్ట్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1930ల్లో ఆరెగాన్‌లో మొదలుపెట్టిన సంఘం వాటిలో పెద్దది. సభ్యులు ఆదాయంలో రెండో పదోవంతు పండుగ ఖర్చుకే దాచుకుని, ఏటా పర్ణశాలల పండుగకు ఎనిమిది రోజులు ఇళ్లు వదిలి ఒకచోట చేరేవారు. టెక్సస్‌లోని బిగ్ శాండీలో పైన్ చెట్ల కింద 1950ల్లో గుడారాలు లేచాయి. తర్వాత హోటళ్లు, సభామందిరాలు అద్దెకు తీసుకోవడం మామూలైంది. వారి లెక్కలో ఈ పండుగ రాబోయే వెయ్యేళ్ల క్రీస్తు పాలనకు రుచి చూపేది. 1986లో ఆర్మ్‌స్ట్రాంగ్ చనిపోయాక సంఘం ఆ బోధ మార్చుకుంది. ఒప్పుకోనివారు 1995లోనూ ఆ చుట్టుపక్కలా విడిపోయి పండుగను కొనసాగిస్తున్నారు. యెరూషలేములోనే జరగాలనుకునేవారూ ఉన్నారు. జెకర్యా 14వ అధ్యాయం సకల జనాలూ పర్ణశాలల పండుగకు అక్కడికి వస్తారని చెబుతుంది కాబట్టి, 1980లో ఏర్పడిన ఇంటర్నేషనల్ క్రిస్టియన్ ఎంబసీ ఏటా పలు దేశాల క్రైస్తవులను ఆ వారంలో యెరూషలేముకు రప్పిస్తోంది.

తెలుగునాట ఈ దారి రెండు రకాలుగా కనిపిస్తుంది. పంజాబ్‌లో సిక్కు కుటుంబంలో 1903లో పుట్టిన భక్తసింగ్, మద్రాసులో 1940ల్లో సంఘాలు మొదలుపెట్టినప్పుడు లేవీయకాండం 23 నుంచి పండుగల తేదీలను కాక కూడుకోవడమనే సూత్రాన్ని తీసుకున్నాడు. హోలీ కాన్వొకేషన్ పేరుతో ఆయన నడిపిన పరిశుద్ధ కూటాలకు హైదరాబాద్ గోల్కొండ చౌరస్తాలోని హెబ్రోను ముఖ్య కేంద్రమైంది. జనం పందిళ్ల కింద చాపలు పరుచుకుని రోజుల తరబడి ఉంటారు, ఊరూ కులమూ చూడకుండా పక్కపక్కన కూర్చుని ప్రేమవిందు తింటారు. పేదవాడిని పంక్తిలో కూర్చోబెట్టమన్న ద్వితీయోపదేశకాండపు మాట తేదీలు పాటించేవారికంటే ఇక్కడే ఎక్కువ నిలబడిందని అనవచ్చు. భక్తసింగ్ 2000 సెప్టెంబరులో హైదరాబాద్‌లో కన్నుమూశాడు. కూటాలు సాగుతూనే ఉన్నాయి.

రెండో దారి గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ఉంది. క్రైస్తవులుగా ఉన్న కొన్ని మాదిగ కుటుంబాలు తాము ఎఫ్రాయిము గోత్రం వారసులమని 1980ల చివర్లో ప్రకటించుకుని, బెనె ఎఫ్రాయిమ్ పేరుతో సమాజమందిరం కట్టుకున్నాయి. హీబ్రూ నేర్చుకుంటూ, శనివారపు విశ్రాంతి దినాన్నీ, పస్కా, పర్ణశాలల వంటి పండుగలనూ యూదుల పద్ధతిలో పాటిస్తున్నాయి. వీరి వంశక్రమాన్ని ఇజ్రాయెల్ అధికారికంగా గుర్తించలేదు.