తీగ మీది గుమ్మడి

అమెరికాలో సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు ముగిసేదాకా చిన్నపిల్లలున్న కుటుంబాలూ, కిండర్‌గార్టెన్ తరగతులూ ఏటేటా వెళ్ళే పంప్‌కిన్ ప్యాచ్ అంటే, వచ్చినవారు తమకు నచ్చిన కాయను తామే ఎంచుకుని కొనుక్కునేందుకు రైతు తెరిచి ఉంచే గుమ్మడి పొలం. కాలిఫోర్నియా, ఇల్లినాయి, న్యూజెర్సీ ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు కూడా ఇది శరదృతువు ఆనవాయితీల్లో ఒకటిగా కలిసిపోయింది. గడ్డిమోపుల మీద కూర్చోబెట్టి ట్రాక్టరు బండిలో పొలమంతా తిప్పడం, మొక్కజొన్న చేనులో దారులు కోసి తీర్చిన చిక్కుదారిలో పిల్లలను పరుగెత్తించడం వంటి వినోదాలు దీనికి తోడయ్యాయి. ఈ చిక్కుదారి నేటి రూపంలో 1993లో పెన్సిల్వేనియాలోని ఆన్‌విల్‌లో మొదలైంది. ఇవన్నీ పిల్లలకు సంతోషం కలిగించేవే అయినా, మూడు నుంచి ఆరేళ్ళ వయసు పిల్లలకు ఈ యాత్రలో దొరికే అసలు సంపద నేల మీద పాకి ఉన్న తీగ అనీ, దాన్ని చూపించని యాత్ర సగమే జరిగినట్టనీ చెప్పక తప్పదు.

ఎందుకంటే పంప్‌కిన్ ప్యాచ్ పేరుతో నడిచేవన్నీ పొలాలు కావు. ఎక్కడో కోసిన కాయలను లారీల్లో తెచ్చి, పచ్చిక మీద పరిచి, పక్కన రెండు దిష్టిబొమ్మలు నిలబెట్టిన స్థలాలు చాలా ఉన్నాయి. అక్కడ పిల్లలు చూసేది ఆరుబయట పెట్టిన అంగడినే. కాయ ఇంకా తీగను అంటిపెట్టుకుని ఉన్న పొలంలోనైతే, బూడిద తెగులు పట్టి తెల్లబారిన ఆకులు, పక్కనున్న కలుపు మొక్కను చుట్టుకుని ఎండిపోయిన నులితీగలు, నేలను తాకిన వైపు కాయకు పడిన లేత పసుపు మచ్చ, అన్నీ పిల్లల కంటి ఎత్తులోనే ఉంటాయి. జాక్ ఓ లాంటర్న్‌కు, అంటే కాయను తొలిచి ముఖంగా చెక్కి లోపల దీపం పెట్టే అలంకరణకు వాడే గుమ్మడి ఎక్కువగా కుకుర్బిటా పెపో జాతిది. దాని తొడిమ గట్టిగా, అంచులు తేలి, చేతికి గరుకుగా తగులుతుంది. తెలుగు వంటింట్లోకి వచ్చే తియ్య గుమ్మడి చాలావరకు కుకుర్బిటా మోస్కాటా అనే మరో జాతికి చెందినది కాబట్టి, దాని తొడిమ కాయను కలిసే చోట గొడుగులా విచ్చుకుంటుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి వేలితో తడిమించితే నాలుగేళ్ళ పాప కూడా తేడా పట్టేస్తుంది. ఆ తొడిమను పట్టుకుని మాత్రం కాయను ఎత్తకూడదని పిల్లలకు ముందే చెప్పాలి, ఎందుకంటే అది విరిగితే గాయమైన చోటు నుంచే కుళ్ళు మొదలవుతుంది.

మంచు ఇంకా పడని పొలాల్లో ఆలస్యంగా పూసిన పూలు కూడా కొన్ని కనిపిస్తాయి. సన్నని పొడవాటి కాడ మీద నిలిచేది మగ పువ్వు. అడుగున గోళీ అంత పిందెతో ఉండేది ఆడ పువ్వు. తెల్లవారుజామున విచ్చుకుని మధ్యాహ్నానికల్లా ముడుచుకుపోయే ఈ పువ్వుకు దక్కేది ఒక్క పూటే కాబట్టి, ఆ కొద్ది గంటల్లోనే తేనెటీగలో, గుమ్మడి జాతి పూల పుప్పొడి మీదే ఆధారపడి బతికే ప్రత్యేకమైన తేనెటీగ జాతులో వచ్చి మగ పువ్వు పుప్పొడిని ఆడ పువ్వుకు చేర్చకపోతే పిందె పసుపుబారి రాలిపోతుంది. దాదాపు అవే వారాల్లో తెలంగాణ కుటుంబాలు ఎక్కడున్నా బతుకమ్మను పేర్చుకుంటాయి గనుక, ఆ పేర్పులో చోటున్న గుమ్మడి పువ్వునూ పొలంలో మోయలేనంత కాయనూ ఒకే తీగకు చెందినవిగా పిల్లలకు చూపించే అవకాశం తెలుగు తల్లిదండ్రులకు అదనంగా దొరుకుతుంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో ప్రకృతి పాఠాలను తీర్చిదిద్దిన ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్ 1911లో ప్రచురించిన ఉపాధ్యాయుల గ్రంథంలో కోరింది కూడా ఇలాంటి చూపునే: పుస్తకం కన్నా ముందు మొక్కనే చూడమని.

ఇంటికి చేరిన తరువాత చేసే హస్తకళలకూ ఇదే కొలత వర్తిస్తుంది. ఉపాధ్యాయురాలు ముందే కత్తిరించి ఉంచిన నారింజరంగు కాగితపు ముక్కలను పిల్లలందరూ ఒకేలా అతికించి, ఒకేలాంటి ఇరవై గుమ్మడికాయలను గోడకు తగిలించే పనిలో గుమ్మడి ఎక్కడా లేదు. శిశువిద్యలో ప్రక్రియా ప్రధాన కళ అనే మాట ఉంది. చివరికి తయారయ్యే వస్తువు కన్నా పిల్లలు పదార్థంతో గడిపే సమయానికి విలువనిచ్చే పద్ధతి అది. గోల్ఫ్ బంతిని నిలబెట్టే చిన్న చెక్క మేకులను కొయ్య సుత్తితో కాయలోకి దిగగొట్టనివ్వడం ఇందుకు చక్కటి ఉదాహరణ. మొదటి దెబ్బకు మేకు జారిపోతుంది, రెండో దెబ్బకు తొక్క పగులుతుంది, ఆ తరువాత కండలోకి మెత్తగా దిగుతుంది. తొక్కకూ కండకూ ఉన్న తేడాను అప్పుడు చెయ్యే చెబుతుంది. నీళ్ళ తొట్టిలో వేయించి, అంత బరువైన కాయ బోలుగా ఉండటం వల్ల తేలుతుందని చూపడం మరొకటి.

చెక్కడం మాత్రం పెద్దల పని. ఐర్లండ్‌లో టర్నిప్ దుంపలను తొలిచి దీపాలు చేసుకునే అలవాటును వలస వెళ్ళినవారు అమెరికాకు తీసుకువెళ్ళగా, అక్కడ విరివిగా దొరికే గుమ్మడి ఆ దుంప స్థానంలోకి వచ్చింది. పిల్లలు ముఖాన్ని గీయాలనీ, కోత పెద్దలు కోయాలనీ, కొవ్వొత్తికి బదులు టార్చి దీపం వాడటం మేలనీ అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ సూచిస్తుంది. పిల్లల వంతు మూత తీసిన తరువాత మొదలవుతుంది. మోచేతిదాకా చెయ్యి పెట్టి, జిగట పీచును పిడికిళ్ళతో లాగి, అందులో చిక్కుకున్న గింజలను ఒక్కొక్కటిగా విడదీసి లెక్కపెట్టే ఆ పనిని, చేతులు మురికవుతాయన్న కారణంతో పెద్దలు తామే చేసేయడం పిల్లలకు అన్యాయం చేయడమే.

ఆ గింజల వెనుక పెద్ద చరిత్రే ఉంది. మెక్సికోలోని వహాకా ప్రాంతపు గిలా నకిట్జ్ గుహలో సుమారు 10,000 ఏళ్ళ నాటి పెపో జాతి గింజలు దొరికాయి. అడవి గుమ్మడి కండ చేదుగా ఉండేది కాబట్టి, తొలి సాగుదారులు కోరుకున్నది గింజలనేనని భావిస్తారు. చెక్కిన కాయ వారం లోపే కుంగిపోతుంది. రంగులు పూసి ఉండకపోతే దాన్ని పెరటి మూలన ఎరువుకుప్పలో వేసి, బూజు ఎలా పాకుతుందో పిల్లలు రోజూ దూరం నుంచి చూసేలా చేయవచ్చు. కడిగి ఆరబెట్టిన గింజలను వేసవి ముందు విత్తితే మొలుస్తాయి గానీ, తేనెటీగలు అదే పొలంలోని ఇతర పెపో రకాల నుంచి, అలంకారానికి పెంచే చేదు బుర్రకాయల నుంచి కూడా పుప్పొడి తెచ్చి ఉంటాయి కాబట్టి, పుట్టే కాయ ఆకారమూ రంగూ తల్లికాయను పోలకపోవచ్చు. అలాంటి కాయను పిల్లలు ఆటకూ పరిశీలనకూ వాడుకోవచ్చు. వండే ముందు మాత్రం పెద్దలు చిన్న ముక్కను నాలుకకు తాకించి చూసి, చేదు తగిలితే పారవేయాలి, ఎందుకంటే ఆ చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్ అనే పదార్థం వండినా పోదు, కడుపుకు హాని చేస్తుంది.