చుట్టకుదురు

బీచిరోడ్డు మీద పాత డచ్చి బంగళాలో 1991లో విశాఖ మ్యూజియం తెరిచారు. జమీందార్ల కత్తులూ, పట్టుబట్టలూ, పటాలూ ఉన్నాయి. 1942 ఏప్రిల్‌లో జపానోళ్లు మన ఊరి మీద వేసిన బాంబు కూడా ఉంది. చంపడానికొచ్చిన దానికీ చోటు దొరికింది, బాగుంది! ఈ ఊరి దంతపు నగిషీ పెట్టెలైతే లండన్ విక్టోరియా ఆల్బర్ట్ మ్యూజియం దాకా ఎక్కాయి. చెక్కినోళ్ల పేర్లు ఎన్ని మిగిలాయి? కత్తి ఏ దొరదో చెప్పే చరిత్ర, ఒరకి తోలు పదును చేసిన మాదిగ ఎవరో చెప్పదేం?

1933లో తెరిచిన రేవుని కట్టిందే ముఖ్యంగా మధ్యపరగణాల మాంగనీసు ఎగుమతికి. ఆ రాయిని మా నాయనమ్మ తట్టలతో మోసింది. నడినెత్తిన జుట్టు మళ్లీ మొలవలేదు. పాతచీర చింపి ఆమె పేనుకున్న చుట్టకుదురు మా ఇంట్లో ఉంది. ఆ పేనడం పనితనం కాదా? కత్తుల సరసనే దాన్నీ పెట్టాలి. కింద ఆమె పేరూ, కులమూ, రోజుకూలీ ఎంతో కూడా రాయాలి.