ఖుబూల్ ఎవరిది?

అమెరికాలో 'గర్ల్స్ గాన్ వైల్డ్' పేరుతో 1997లో మొదలైన వీడియో వ్యాపారం గురించి ఎత్తితే చాలు, మనవాళ్ళు రెండు రకాలుగా చెవులు మూసుకుంటారు. మసీదు మెట్ల మీది పెద్దమనిషి 'అది బేషరమ్ ముల్కు, అక్కడంతే' అంటాడు. సెక్యులర్ మిత్రుడు 'వాళ్ళిష్టం, వాళ్ళ స్వేచ్ఛ' అంటాడు. ఆ అమ్మాయిని మాత్రం ఇద్దరూ ఏమీ అడగరు. మా పేచీ అక్కడే.

ఆ వీడియోల పద్ధతి చూడండి. కాలేజీ సెలవుల్లో సముద్రతీరాలకూ, మార్డీ గ్రా పండక్కి న్యూ ఆర్లీన్స్‌కూ కెమెరాలు వెళ్తాయి. తాగి తూలుతున్న అమ్మాయిల్ని చుట్టూ మూగిన మగాళ్ళు కేకలేసి ఉసిగొల్పుతారు. బట్ట తొలగిస్తే ఓ టీషర్టో టోపీయో చేతిలో పెడతారు. ఆ దృశ్యాల్ని అర్ధరాత్రి టీవీ ప్రకటనలతో అమ్మి యజమాని జో ఫ్రాన్సిస్ కోట్లు గడించాడు. అడిగితే సంతకం పెట్టించుకున్న కాగితం చూపించారు. 2006లో, పదిహేడేళ్ళ పిల్లల్ని కూడా చిత్రించిన ఉదంతంలో, వయసు రికార్డులు ఉంచలేదన్న నేరాన్ని కంపెనీ కోర్టులో ఒప్పుకోవలసి వచ్చింది.

ఇంకో కేసు మరీ ముఖ్యం. 2004లో సెయింట్ లూయీ నగరంలోని ఓ బార్లో కెమెరా ముందు నాట్యం చేస్తున్న యువతి పైబట్టను ఇంకొకరు లాగేశారు. 'వద్దు' అని ఆమె అనడం ఆ వీడియోలోనే ఉంది. సంతకం లేదు. అయినా 2010లో జ్యూరీ కంపెనీ పక్షమే వహించింది. అక్కడికి వచ్చింది, కెమెరా ముందు ఆడింది, కనుక ఒప్పుకున్నట్టేనట! 2012లో న్యాయమూర్తి ఆమెకు 58 లక్షల డాలర్ల దాకా పరిహారం విధించాడు. ఆమె నోటి మాట చెల్లడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

'అక్కడికెందుకు వెళ్ళింది?' ఈ ప్రశ్న అమెరికా వాళ్ళ సొత్తు కాదు. 1978లో హైదరాబాదులో రమీజాబీని కూడా ఇదే అడిగారు. భర్తతో సినిమా చూసి వస్తున్న పేద ముస్లిం స్త్రీని పోలీసులు పట్టుకుపోయి బలాత్కరించారు. రిక్షా తొక్కే భర్త అహ్మద్ హుస్సేన్ వాళ్ళ దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ ముందు ఆమెను వేశ్య అన్నారు, ఆమె నికానే చెల్లదన్నారు. కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చినా, రాయచూరులో నడిచిన కేసులో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. బార్లో నాట్యం చేసినా, భర్త పక్కన నడిచినా స్త్రీ శీలాన్నే బోనెక్కించడం మగ న్యాయం.

పర్దా కాపాడుతుందనేవాళ్ళకు ఒక మాట. మన బజార్లలో బురఖా వేసుకున్న ఆడపిల్ల మీద చెయ్యి పడటం లేదా? దాన్ని ఉర్దూలో 'ఛేడ్‌ఛాడ్' అంటాం. తెలుగులో 'ఆకతాయి చేష్టలు' అని రాస్తాం. రెండు భాషల్లో వార్తలు రాసే మాకు తెలుసు, రెండింటిలోనూ నేరానికి ముద్దుపేరే దొరుకుతుంది.

2021లో 'సుల్లీ డీల్స్', 2022 జనవరి 1న 'బుల్లీ బాయి' పేర్లతో ముస్లిం స్త్రీల ఫొటోలు దొంగిలించి వేలం ఆట ఆడారు. అది మతద్వేషం, సందేహం లేదు. కానీ 'ఫొటో ఎందుకు పెట్టుకుంది?' అన్న గొంతులు మన గల్లీల్లోనూ వినిపించాయి. వేలం వేసినవాడికీ, ఇజ్జత్ పేరుతో నోరు నొక్కేవాడికీ ఈ ఒక్క ప్రశ్న దగ్గర పొత్తు కుదిరింది.

నిజానికి రజామందీ మనకు పరాయి మాట కాదు. వధువు ఒప్పుకోకుండా నికా లేదు. వకీలు, గవాహులు వెళ్ళి ఆమెనే అడగాలి. కానీ ఆమె తల వంచుకుంటే చాలు, సిగ్గుతో ఒప్పుకుందని తేల్చేశాం. తెలుగువాళ్ళు మౌనం అర్ధాంగీకారం అన్నారు. మరి మిగతా సగం ఎవరిచ్చారు?

నిర్భయ తర్వాత 2013లో వచ్చిన చట్టం, మాటతోనో సైగతోనో స్పష్టంగా, స్వచ్ఛందంగా తెలిపితేనే సమ్మతి అంది. ఎదిరించనంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదంది. 2024 జూలై నుంచి అమలవుతున్న భారతీయ న్యాయసంహిత కూడా అదే నిర్వచనాన్ని ఉంచింది. అయితే భర్త బలాత్కారాన్ని మాత్రం మినహాయించింది. పెళ్ళినాటి ఒక్క ఖుబూల్ జీవితాంతం చెల్లుతుందని ఖాజీతో పాటు సర్కారూ నమ్ముతోందన్నమాట.

మైనారిటీల మీద దాడి జరుగుతున్నప్పుడు ఇంటి గుట్టు విప్పొద్దని మాకు చెబుతారు. దాడి చేసేవాడు మా ఆడవాళ్ళ మాటకు విలువివ్వడు. మేమూ ఇవ్వకపోతే వాడితో మాకు తగాదా దేనికి? ఖుబూల్ ఆమెది. ఇవ్వడమూ ఆమెదే, కాదనడమూ ఆమెదే, ఇచ్చింది వెనక్కి తీసుకోవడమూ ఆమెదే.